మచ్చలేని సేవకు ఒక లంగరు

మా మామగారు ముప్పై నాలుగేళ్ళు ఓడరేవు ఆఫీసులో పనిచేశారు. ఆ ముప్పై నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా నీళ్ళమీదికి వెళ్ళలేదు. ఆయన ఉద్యోగం స్టోర్సులో. వచ్చిపోయే ఓడలకి తాళ్ళూ, గొలుసులూ, కప్పీలూ, లాంతర్లూ కౌంటరు వెనక నిలబడి ఇచ్చేవారు. ఇచ్చేవారు అనడం మర్యాద కోసమే. ఇవ్వకుండా ఉండటానికి శాయశక్తులా ప్రయత్నించి, ఇక తప్పదన్నప్పుడు ఇచ్చేవారు. పది బారల తాడు కావాలని కాగితం పట్టుకొచ్చినవాణ్ణి, ఎనిమిది బారలతో ఎందుకు సరిపెట్టుకోలేవని నిలదీసి, చివరికి తొమ్మిది చేతిలో పెట్టి పంపేవారట. రేవులో అందరూ ఆయన్ని కెప్టెన్ అని పిలిచేవారు. అది వెటకారమని ఆయనకి తప్ప అందరికీ తెలుసు.

రిటైరైన మూడో నెలలో ఆయన ఒక పాత పడవ కొన్నారు. చెక్క పడవ. మధ్యలో నలుగురు మోకాళ్ళు ముడుచుకుని కూర్చోగల గది, వెనక డీజిల్ ఇంజన్. అంతకుముందు దాంట్లో కోడిగుడ్లు రవాణా చేసేవారు. మూడుసార్లు రంగు వేయించినా, ఎండెక్కేసరికి పడవ తన పూర్వ చరిత్ర తనే చెప్పుకునేది. ముక్కు మూసుకుని వినాల్సి వచ్చేది.

మా రేవు నుంచి ఉత్తరంగా ఒక సముద్రపు పాయ పోతుంది. ఒక పక్క తీరం, రెండో పక్క తీరం పొడవునా పడుకున్న సన్నటి దీవి. అలలన్నీ దీవి అవతలే తల బాదుకుని ఆగిపోతాయి కాబట్టి పాయలో నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు ఉంటాయి. ఈత రానివాడు కూడా అక్కడ ప్రశాంతంగా మునిగిపోవచ్చు. ఆ పాయ అవతలి చివర మామగారి చెల్లెలుంటుంది. "ఈసారి బస్సులో కాదమ్మా, సొంత పడవలో వస్తున్నా" అని ఆవిడకి ఫోన్ చేసి చెప్పేశారు. చెప్పాక మాకు చెప్పారు. నాలుగు రోజుల ప్రయాణం. సిబ్బంది ముగ్గురు: మా అత్తగారు, మా ఆవిడ, నేను.

నాది కళ్ళజోళ్ళ దుకాణం. గోడమీది అక్షరాలు చదివించడం తప్ప మరో విద్య తెలియదు. మా ఆవిడ బడిలో లెక్కలు చెబుతుంది. ఆమెకి తండ్రి మొండితనమూ, తల్లి మౌనమూ రెండూ వచ్చాయి. ఏది ఎప్పుడు బయటికి తియ్యాలో కూడా తెలుసు. అత్తగారు ఇరవై తొమ్మిదేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి సూపర్వైజరుగా దిగిపోయారు. ఇంట్లో చాలా తక్కువ మాట్లాడతారు. ఎందుకలా అని పెళ్ళయిన కొత్తలో అడిగితే, "ఊరివాళ్ళ మాటలన్నీ నా చెవుల్లోంచే పోయాయి బాబూ. ఇంక మాటలంటే మొహం మొత్తింది" అన్నారు. ఆ సంవత్సరానికి నాతో ఆవిడ అన్న పెద్ద మాట అదే.

ఒడ్డున ఉన్నంతకాలం మామగారు నన్ను మీరనే అనేవారు. పడవెక్కి తాడు విప్పిన మరుక్షణం నువ్వులోకి దిగారు.

"అల్లుడూ, అలా ఎడమపక్కన బియ్యం బస్తాలా కూర్చోకు. నువ్విప్పుడు సిబ్బంది."

మొదటిరోజు మధ్యాహ్నం మేము ఒక వంపులో లంగరు వేశాం. అప్పటికే అక్కడ ఒక చేపల పడవ ఆగి ఉంది. దాంట్లో ఒక ముసలాయన వల బాగుచేసుకుంటున్నాడు. మామగారు ముందు భాగంలో నిలబడి, ప్రారంభోత్సవానికి వచ్చిన మంత్రిలా గొంతు సవరించుకుని, లంగరు వదిలారు. అది బుడుంగున మునిగింది. అడుగు తగిలాక ఆయన మరో రెండు బారల తాడు లెక్కపెట్టి వదిలి, కట్టేసి, చేతులు దులుపుకున్నారు. మేం టీ కాచుకుని కప్పులు నోటి దగ్గర పెట్టుకునేలోపల చేపల పడవ మా కిటికీలోకి వచ్చేసింది. అది రాలేదు, మేమే వెళ్ళాం. మా లంగరు నేలమీద చీపురులా ఊడ్చుకుంటూ వస్తోంది.

"తాడు వదలవయ్యా!" ముసలాయన తెడ్డుతో మా పడవని నెడుతూ అరిచాడు. "లోతుకి ఐదింతలు వదలాలి. మరీ అంత పిసినారితనమైతే ఎట్లా? తాడు నీ సొంతమేగా?"

ఆ మాటతో మామగారి మొహం చూడాలి. సొంత తాడు కూడా కాగితం లేకుండా వదలడం ఆయన వల్ల కావడం లేదు. మా ఆవిడ వెళ్ళి తాడు చుట్ట ఆయన చేతిలోంచి లాక్కుని, గబగబా ఇరవై బారలు నీళ్ళలోకి వదిలింది. పడవ ఒక్కసారి తల విదిలించి నిలబడింది. ఆ సాయంత్రమంతా ఆయన ఆ తాడు వైపు, అప్పగింతల్లో ఆడపిల్ల తండ్రిలా చూస్తూ కూర్చున్నారు.

రెండోరోజు సాయంత్రం నాలుగున్నరకి గాలి లేచింది. పాయ సన్నబడ్డ చోటు అది. తీరం పక్క రాతిగట్టు, గట్టుకి కాస్త ముందు నీళ్ళలో పాతిన ఇనుప స్తంభం, దానికి బోర్డు. బోర్డుమీద లంగరు బొమ్మ. బొమ్మ తలకిందులుగా ఉంది. కింద అక్షరాలున్నాయి గానీ, తరతరాలుగా నీటికాకులు అక్కడే కూర్చుని కడుపు ఖాళీ చేసుకుంటున్నట్టున్నాయి.

"చదువు" అన్నారు మామగారు. నా వృత్తికి తగిన పని ఆయన అప్పగించడం అదే మొదటిసారి.

"ఇక్కడ లంగరు వేయ... అని ఉందండీ మామయ్యగారూ. ఆ తర్వాత రెట్ట."

"వేయండి అని. ఇంకేముంటుంది?"

"వేయరాదు అని కూడా ఉండొచ్చు కదండీ? బొమ్మ తలకిందులుగా వేశారు."

"బొమ్మ వేసినవాడు తాగుంటాడు. ప్రభుత్వం ఒక స్తంభం పాతి, బోర్డు బిగించి, బొమ్మ గీయించి, ఇంత ఖర్చుపెట్టి వద్దని చెబుతుందా? వద్దనడానికి బోర్డెందుకు? కౌంటరు మూసేస్తే సరిపోదూ?"

ముప్పై నాలుగేళ్ళ పాలనానుభవం అది. నిన్నటి పాఠం గుర్తుంది కాబట్టి ఆయన కళ్ళు మూసుకుని మరీ పాతిక బారలు వదిలారు. లంగరు ఎంత గట్టిగా పట్టుకుందంటే, గాలి ఎంత ఊపినా పడవ జరగలేదు. "చూశావా! అమ్మ ఒళ్ళో పడుకున్నట్టుంది" అన్నారు మామగారు. అత్తగారు మాత్రం ఆ బోర్డు వైపే చూస్తూ స్వెట్టరు అల్లుకుంటున్నారు.

పొద్దున్న ఎనిమిదింటికి బయల్దేరదామని లాగితే లంగరు రాలేదు. ఇద్దరం లాగాం. ముగ్గురం లాగాం. ఇంజన్ వేసి ముందుకి లాగాం, వెనక్కి లాగాం, గానుగెద్దులా గుండ్రంగా తిరిగి లాగాం. ప్రతిసారీ తాడు వీణతీగలా బిగిసి, పడవ ముక్కు వంచి నమస్కారం పెట్టి, మళ్ళీ వెనక్కి వచ్చింది. నా అరచేతులు బొబ్బలెక్కాయి. మామగారు సముద్రాన్నీ, లంగరుని తయారుచేసిన కంపెనీనీ, చివరికి నా చదువునీ తిట్టారు.

పదకొండు గంటలకి ఆటు బాగా తీసింది. నీళ్ళు తగ్గేకొద్దీ ఇనుప స్తంభం పొడుగైంది. దానికి ఇంకో బోర్డుంది. నిన్న అది నీళ్ళకింద ఉండిపోయింది. పాచి పట్టినా అక్షరాలు నిక్షేపంలా ఉన్నాయి. మా ఆవిడ పిల్లలకి ఎక్కం చెప్పినట్టు గట్టిగా చదివింది.

"జాగ్రత్త. అడుగున టెలిఫోన్ కేబుల్ ఉన్నది. దానికి నష్టం కలిగించినవారు శిక్షార్హులు."

పడవలో కాసేపు గుడ్ల వాసన తప్ప ఏమీ కదల్లేదు.

మామగారు త్వరగానే తేరుకున్నారు. "సరే. పోతే పోయింది. తాడు కోసేద్దాం" అంటూ గదిలోకి వెళ్ళి కత్తి తెచ్చారు. తాడు మీద కత్తి పెట్టారు. పెట్టి, అలాగే ఆగిపోయారు.

"ఏం నాన్నా, తాడు పోతుందని బాధా?" అంది మా ఆవిడ.

"తాడు కాదు." ఆయన నీళ్ళు నమిలారు. "లంగరు."

"దానికేమైంది?"

"అది రిటైర్మెంటు రోజు ఆఫీసువాళ్ళు ఇచ్చింది కదా. దానిమీద చెక్కించారు."

"ఏమని?"

మామగారు అప్పటికి కత్తి కింద పెట్టేశారు. "ముప్పై నాలుగేళ్ళ మచ్చలేని సేవకు అని. కింద నా పేరు."

"మొత్తం పేరా?"

"ఇంటిపేరుతో సహా. ఎంప్లాయీ నంబరు కూడా."

మా ఆవిడ అటు తిరిగింది. భుజాలు ఊగుతున్నాయి కాబట్టి నవ్వుతోందని నాకు తెలిసింది. నాకు మాత్రం ఆ లంగరు నీళ్ళడుగున కేబుల్‌ని కౌగిలించుకుని, పేరూ ఊరూ నంబరూ చూపిస్తూ, పోలీసుల కోసం ఎదురుచూస్తున్న దృశ్యం కళ్ళకి కట్టింది. ఇంత శ్రద్ధగా ఆధారం వదిలిపెట్టిన నేరస్తుడు మరొకడు ఉండడు.

"పెన్షన్ ఆపేస్తారు" అన్నారు మామగారు. తర్వాత ఆయన చూపు నామీద పడింది. పనిముట్ల పెట్టె తెరిచి ఒక ఆకురాయి తీశారు.

"అల్లుడుగారూ" అన్నారు. రెండు రోజుల తర్వాత మళ్ళీ గారు వచ్చిందంటేనే నాకేదో మూడిందన్నమాట. "మీరు కాస్త కిందికి దిగి, పేరున్నంత మేరా గీకేసి వస్తారా? ఇంటిపేరు పోతే చాలు. మిగతాది ఎవరైనా అయ్యుండొచ్చు."

దిగాను. అల్లుణ్ణి కదా. నడుముకి తాడు కట్టుకుని, చేతిలో ఆకురాయి పట్టుకుని, లంగరు తాడు వెంట ఊపిరి బిగబట్టి కిందికి పాకాను. ఒక నిలువు లోతు దిగేసరికి చెవుల్లో ఎవరో మేకులు దింపినట్టైంది. కింద ఆకుపచ్చటి మసక తప్ప ఏమీ లేదు. ఆకురాయి చేతిలోంచి జారి తన దారిన తను పోయింది. నేను నా దారిన పైకి వచ్చాను. మా ఆవిడ జుట్టు పట్టుకుని పడవలోకి లాగింది.

"గీకారా?" అన్నారు మామగారు.

"నాన్నా, నా మొగుణ్ణి ఇంకోసారి నీళ్ళలోకి దింపావంటే నిన్ను కూడా దింపుతా" అంది మా ఆవిడ.

ఆయన మూడో ఉపాయం పట్టారు. ఆటుకి నీళ్ళు బాగా దిగి ఉన్నాయి కాబట్టి, తాడు పూర్తిగా లాగి బిగించి కట్టేస్తే, పోటుకి నీళ్ళు లేచినప్పుడు పడవే లంగరుని పెకలిస్తుందట. ఇది నిజంగా పడవలవాళ్ళు చేసే పనేనని తర్వాత తెలిసింది. కానీ వాళ్ళు రాళ్ళలో ఇరుక్కున్నప్పుడు చేస్తారు, దీవి మొత్తానికి ఫోన్లు మోసే తీగని పట్టుకున్నప్పుడు కాదు. మామగారు కట్టేసి కూర్చున్నారు. నీళ్ళు లేవడం మొదలైంది. గంట గడిచేసరికి పడవ ముక్కు కిందికీ, వెనక భాగం పైకీ పోయింది. కప్పులు బల్లమీద నుంచి జారాయి. అత్తగారి దారపు ఉండ గది ఈ చివర నుంచి ఆ చివరకి దొర్లింది. ముందు చెక్కల సందులోంచి నీళ్ళు చెమర్చాయి.

అత్తగారు స్వెట్టరు పక్కన పెట్టి లేచారు. ఏటవాలుగా ఉన్న పడవలో, గోడ పట్టుకుంటూ ముందుకి నడిచారు.

"తాడు వదలండి" అన్నారు.

"కాసేపాగు. వచ్చేస్తుంది."

"వస్తే ఒక్క లంగరే రాదు. వదలండి."

"నీకు తెలీదు, నువ్వూరుకో."

ఆవిడ ఊరుకోలేదు. ఆయన్ని మోచేత్తో పక్కకి తోసి, తాడు ముడి తనే విప్పి, బారలకొద్దీ వదిలేశారు. పడవ ధబాలున తిన్నబడింది. మామగారు కూలబడ్డారు. అత్తగారు చీరకుచ్చిళ్ళు సర్దుకుని, ఫోన్ తీసి, ఒక నంబరు నొక్కారు. ఎక్కడా వెతుక్కోలేదు. కేబుల్ ఆఫీసు నంబరు ఇన్నేళ్ళుగా ఆవిడ తలలో అలాగే ఉంది.

నేను ఎరిగిన అత్తగారి గొంతు కాదది. మెత్తగా, స్పష్టంగా, ఎదురు చెప్పడానికి సందు లేకుండా ఉంది.

"నమస్కారం. కేబుల్ విభాగమా? ఎక్స్ఛేంజి మాజీ సూపర్వైజర్ని మాట్లాడుతున్నాను. రాతిగట్టు దగ్గర మీ బోర్డుకి దక్షిణంగా నలభై గజాల్లో ఒక లంగరు కేబుల్‌కి తగులుకుంది. నిన్న సాయంత్రం నాలుగున్నరకి. వేసినవారి పేరు రాసుకోండి."

"వద్దే!" అన్నారు మామగారు.

ఆవిడ పేరు చెప్పారు. ఇంటిపేరు అక్షరం అక్షరం విడదీసి చెప్పారు. ఎంప్లాయీ నంబరు రెండుసార్లు చెప్పారు. "బంధుత్వమా? భర్త" అన్నారు. కాసేపు విని, "ఔనండీ, బోర్డు చూసే వేశారు" అని ఫోన్ పెట్టేశారు.

మామగారు గదిలోకి వెళ్ళి దుప్పటి కప్పుకున్నారు. ఎండలో, గుడ్ల వాసనలో, దుప్పటి కింద ఆయన రెండు గంటలు ఉన్నారు. ఆ శిక్ష చాలునని నాకనిపించింది.

రెండున్నరకి కేబుల్ ఆఫీసు లాంచీ వచ్చింది. దాంట్లో ఇద్దరు పనివాళ్ళు, ఒక ఇన్‌స్పెక్టరు. ఇన్‌స్పెక్టరమ్మకి నలభై ఏళ్ళుంటాయి. పొట్టిగా, గట్టిగా, బిగించిన బోల్టులా ఉంది. మా పడవ చూసి ముక్కు మూసుకుంది గానీ ఏమీ అనలేదు. ఒక బరువైన గొలుసు చుట్టని మా తాడు చుట్టూ తొడిగి కిందికి జార్చింది. అది లంగరు మెడదాకా దిగాక, తన లాంచీని మా తాడు సాగిన దిక్కుకి సరిగ్గా ఎదురుదిక్కున నడిపించింది. ఒక్క లాగుడు. పొద్దున్నుంచి మా ప్రాణాలు తోడేసిన లంగరు, ఏమీ ఎరగనట్టు పైకి వచ్చింది. దాని కొక్కేనికి చెయ్యి మందాన నల్లటి తీగ వేలాడుతోంది. దాన్నిండా గవ్వలు.

మామగారు అప్పటికి దుప్పటిలోంచి తల బయటపెట్టారు.

ఇన్‌స్పెక్టరమ్మ తీగని గీకి చూసి నవ్వింది. "ఇది చచ్చిన తీగండీ. దీన్ని ఆపేసి పన్నెండేళ్ళైంది. ఇప్పటిది దీవి ఉత్తరం కొస నుంచి పోతుంది."

"మరి బోర్డో?" మామగారు దుప్పటి విసిరేసి లేచారు.

"ఆ బోర్డు తీసెయ్యాలని మేము పైకి కాగితం పంపి పదకొండేళ్ళైంది."

"చూశారా! నేను చెప్పలేదూ, ఇక్కడ లంగరు వెయ్యొచ్చని!" మామగారి ఛాతీ మళ్ళీ పొంగింది. ఆ మనిషిని అణచడానికి సముద్రం కూడా చాలదు.

"మీరు చెప్పింది దానివల్ల కాదు లెండి" అంది ఇన్‌స్పెక్టరమ్మ. "చాలామంది తగులుకుంటారు, తాడు కోసుకుని పారిపోతారు. ఫోన్ చేసి పేరు చెప్పినవాళ్ళు మీరే మొదలు." ఆయన అది కూడా తన ఘనతే అన్నట్టు తలాడించారు.

అత్తగారు మాత్రం ఎవరివైపూ చూడటం లేదు. వంగి ఆ తీగమీద చెయ్యి వేశారు. గవ్వలు గుచ్చుకుంటాయని కూడా చూడకుండా పొడుగునా నిమిరారు.

"సీసం తొడుగుది. లోపల పన్నెండు జతల తీగలు" అన్నారు మెల్లగా. "దీవికి నేనిచ్చిన ప్రతి కాలూ దీంట్లోంచే పోయింది."

"ఎక్స్ఛేంజిలో కాల్స్ కలిపే స్విచ్‌బోర్డు దగ్గర కూర్చున్నది మీరేనా అమ్మా?" ఇన్‌స్పెక్టరమ్మ గొంతు మారింది.

"ఇరవై తొమ్మిదేళ్ళు. పుట్టినవాళ్ళూ, పోయినవాళ్ళూ, పెళ్ళిచూపులూ, తిట్టుకోవడాలూ, అన్నీ." ఆవిడ తల తిప్పి మామగారిని చూశారు. "ఈయన కూడా దీనిమీదే దొరికారు. మూడు నెలలపాటు రోజూ పదిన్నరకి స్టోర్సు నుంచి ఫోను. దీవిమీద దీపస్తంభానికి కలపమనేవారు. దీపానికి వత్తులెన్ని ఉన్నాయో లెక్క కావాలట."

"స్టాకు చూసుకోవద్దూ?" అన్నారు మామగారు, నేలచూపులు చూస్తూ.

"ఆ దీపానికి కరెంటు బల్బు. వత్తులే లేవు. దీపస్తంభం ఆయన రోజూ అదే చెప్పేవాడు, ఈయన మర్నాడు మళ్ళీ అదే అడిగేవారు. చివరికి ఆయన విసిగిపోయి, 'అమ్మాయ్, వీడికి కావలసింది వత్తులు కాదు, నువ్వు సరేనంటే నా ప్రాణం వదులుతాడు' అన్నాడు. ఆయన బాధ చూడలేక ఒప్పుకున్నాను."

మా ఆవిడ నోరు తెరిచి తల్లినే చూస్తోంది. ముప్పై రెండేళ్ళొచ్చాయి, ఈ సంగతి ఆమెకి తెలియదు. మామగారి చెవులు ఎర్రబడ్డాయి. తన పేరు చెక్కిన లంగరుని చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టారు.

ఇన్‌స్పెక్టరమ్మ కాగితాలు తీసింది. కేసేమీ లేదంది. కానీ ఆమె కష్టం ఆమెకుంది. పాయ అడుగున ఇలాంటి చచ్చిన తీగలు ఇంకా ఎన్నో ఉన్నాయి. వాటి పటాలు చెదలు తినేశాయి. వేసినవాళ్ళలో ఎవరూ మిగల్లేదు. ఏ తీగ ఎక్కడ ఒడ్డెక్కుతుందో చెప్పే మనిషి కోసం రెండేళ్ళుగా వెతుకుతోందట.

"మొత్తం తొమ్మిది" అన్నారు అత్తగారు. "మూడోది ఉప్పుకొట్టం వెనక ఎక్కుతుంది. ఐదోది వేశాక తెగింది, దాని పక్కనే ఇంకోటి వేశారు."

"అమ్మా, ఓ పూట మాతో వచ్చి చూపించగలరా?"

అడగడం పూర్తయ్యేసరికి అత్తగారి చేతిసంచి భుజానికి ఎక్కేసింది. ఒక పనివాడు చెయ్యి అందించాడు. ఆవిడ అందుకోకుండానే లాంచీలోకి దాటేశారు.

"ఎక్కడికి? మన ప్రయాణం సంగతేంటి?" అన్నారు మామగారు.

"మేమూ అటే కదండీ. వెనకాలే రండి" అన్నారు ఆవిడ.

లాంచీ కదిలింది. మామగారు లంగరుని పడవలోకి చేర్చి, ఇంజన్ వేసి, చుక్కాని పట్టుకున్నారు. ఆయన నోట ఆజ్ఞలేవీ రాలేదు. నేను ఎడమపక్కన నాకిష్టమొచ్చినట్టు కూర్చున్నాను.

ముందు లాంచీలో అత్తగారు నిలబడి ఉన్నారు. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చెయ్యి తీరం వైపు చాపి ఏదో చూపిస్తున్నారు. ఇన్‌స్పెక్టరమ్మ గబగబా రాసుకుంటోంది. పనివాళ్ళిద్దరూ పని మానేసి వింటున్నారు. ఉన్నట్టుండి నలుగురూ పగలబడి నవ్వారు.

"ఏం చెబుతోందంటావు?" అన్నారు మామగారు.

"నాకేం తెలుసు నాన్నా?" అంది మా ఆవిడ.

ఆయన ఇంజన్ చప్పుడు తగ్గించి, మెడ ముందుకి చాచి, చెవి ఒగ్గారు. పడవ వెనకబడింది. లాంచీ చిన్నదైపోతుంటే కంగారుగా మళ్ళీ వేగం పెంచారు. చప్పుడు పెరిగి ఏమీ వినబడలేదు. మళ్ళీ తగ్గించారు. సాయంత్రం దాకా మేము ఆ పాయలో అలాగే, తగ్గుతూ పెరుగుతూ, ఆవిడ వెనకాలే వెళ్ళాం.